చైనా ఎవరి పక్షం? రష్యా యుద్ధంలో బీజింగ్ లెక్కలు

కృష్ణలంక కుర్రాడు (ఆదివారం, రాత్రి 9:12)

నిన్న టీవీలో ఒక చర్చ చూశాను. ఒకాయన చైనా, రష్యా ఒకటే ముఠా అని తేల్చేశాడు. ఇంకొకాయన చైనా పూర్తిగా తటస్థం అన్నాడు. గంటసేపు అరుచుకున్నారు గానీ ఇద్దరిలో ఒక్కరూ ఒక్క ఆధారం చూపించలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

2022 ఫిబ్రవరి 4న వింటర్ ఒలింపిక్స్ ప్రారంభానికి పుతిన్ బీజింగ్ వెళ్లాడు. తమ స్నేహానికి హద్దులు లేవంటూ ఆ రోజే జిన్‌పింగ్‌తో కలిసి ప్రకటన ఇచ్చాడు. 20 రోజులు తిరిగేసరికి ఉక్రెయిన్ మీద దాడి మొదలైంది. చైనా దాన్ని దురాక్రమణ అనలేదు. స్నేహితుడు కాబట్టి అనలేదనుకుందాం. మరి 2014లో రష్యా ఉక్రెయిన్ నుంచి లాక్కున్న క్రిమియాని రష్యా భూభాగంగా ఎందుకు గుర్తించలేదు? ఫిరంగులు, క్షిపణులు బాహాటంగా ఎందుకు పంపలేదు? ఉత్తర కొరియా ఏకంగా సైనికుల్నే పంపింది కదా.

వాట్సాప్ ఫార్వర్డులు పెట్టకండి ప్లీజ్. తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

వరంగల్ వాసి (రాత్రి 9:40)

ఇందులో తల బద్దలు కొట్టుకునేంత ఏముంది బ్రదర్? చైనా రష్యా పక్షమే. ఫిరంగి ఇవ్వలేదు సరే, ఫిరంగి తయారుచేసే మిషన్ ఇచ్చింది. రష్యా దిగుమతి చేసుకునే మెషిన్ టూల్స్‌లో 70 శాతం, మైక్రో ఎలక్ట్రానిక్స్‌లో 90 శాతం చైనావేనని 2024లో అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ చెప్పాడు. అదే ఏడాది జూలైలో వాషింగ్టన్ నాటో సదస్సు ప్రకటనలో కూడా ఈ యుద్ధం సాగడానికి చైనా తోడ్పాటే నిర్ణాయకం అని రాశారు.

క్రిమియాను గుర్తించకపోవడం అంటారా, అది కాగితం మీద మాట. లేత్ మిషన్ కాగితం కాదు.

లెక్కల మాస్టారు (రాత్రి 10:25)

వరంగల్ వాసి గారు చెప్పిన మిషన్ల సంగతి నిజమే. కానీ కాగితాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. చైనా లాంటి దేశం ఎక్కడ చెయ్యి ఎత్తింది, ఎక్కడ దించింది అనేది ఊరికే జరగదు.

2022 ఫిబ్రవరి 25న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో రష్యాను ఖండించే తీర్మానం వచ్చింది. రష్యా వీటో చేసింది. చైనా వీటో చేయలేదు, మనతో, యూఏఈతో పాటు ఓటింగ్‌కి దూరంగా ఉంది. మార్చి 2న, సభ్య దేశాలన్నీ ఓటేసే సర్వసభలో 141 దేశాలు రష్యా వెనక్కి వెళ్లాలన్నాయి, 5 వద్దన్నాయి, 35 తప్పుకున్నాయి. ఆ 35లో చైనా, ఇండియా రెండూ ఉన్నాయి. రష్యా ఉక్రెయిన్‌లోని నాలుగు ప్రాంతాల్ని కలిపేసుకున్నాక అక్టోబర్‌లో మళ్లీ ఓటు పెడితే 143 దేశాలు తప్పన్నాయి. చైనా మళ్లీ తప్పుకుంది.

ఇప్పుడు తేడా చూడండి. 2022 ఏప్రిల్ 7న రష్యాను మానవ హక్కుల మండలి నుంచి సస్పెండ్ చేసే తీర్మానానికి 93 దేశాలు అవునన్నాయి, 24 కాదన్నాయి, 58 తప్పుకున్నాయి. మనం తప్పుకున్నవాళ్లలో ఉన్నాం. చైనా మాత్రం సూటిగా 'కాదు' అని ఓటేసింది. భూభాగం విషయంలో మౌనంగా ఉన్న దేశం ఇక్కడ ఎందుకు గొంతెత్తింది? మానవ హక్కుల పేరుతో ఒక దేశాన్ని మండలి నుంచి గెంటేసే అలవాటు మొదలైతే, రేపు వీగర్ ముస్లింలుండే షిన్‌జియాంగ్ పేరు చెప్పి తన మీదికే రావచ్చని. అదే లెక్కన భూభాగం ప్రశ్నలో రష్యాకి అవునన్నా ముప్పే. ఆ నాలుగింటిలో ఒకటైన దొనెత్స్క్ ప్రజలు ఓటేసి విడిపోవచ్చంటే తైవాన్ ప్రజలూ ఓటేయొచ్చు కదా. రష్యా కోసం ఏది వదులుకుంటుంది, ఏది వదులుకోదు అనే గీత నాకు ఈ ఓట్లలోనే కనిపిస్తుంది.

2023 ఏప్రిల్ 26 ఓటు కూడా ఉంది. యూరప్ మండలి అనే యూరప్ దేశాల సంస్థతో ఐక్యరాజ్యసమితి సహకారం గురించిన తీర్మానం అది. అందులో రష్యా దురాక్రమణ అనే మాట ఉంది. చైనా మొత్తం తీర్మానానికి అవునని ఓటేసింది. పత్రికలవాళ్లు చైనా మారిపోయిందని రాసేశారు. ఆ పేరా ఒక్కదాన్నీ విడిగా ఓటుకు పెట్టినప్పుడు తప్పుకుందని చాలామంది చూడలేదు.

పాత పేపర్ల పిచ్చోడు (రాత్రి 11:03)

మాస్టారికి కొనసాగింపు. క్రిమియాతో మొదలైన కథ కాదిది. 2008లో జార్జియా యుద్ధం తర్వాత జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియా, దక్షిణ ఒసేతియాల్ని రష్యా స్వతంత్ర దేశాలుగా గుర్తించింది. ఆ ఆగస్టులోనే తజికిస్తాన్ రాజధాని దుషాంబేలో, రష్యా, చైనా, మధ్య ఆసియా దేశాలు ఉన్న షాంఘై సహకార సంస్థ సమావేశం జరిగింది. అక్కడ మద్దతు దొరుకుతుందని రష్యా ఆశపడింది. చైనా గుర్తించలేదు, మధ్య ఆసియా దేశాలూ గుర్తించలేదు. 2014లో క్రిమియా మీద సర్వసభ ఓటులో కూడా చైనా తప్పుకున్న 58 దేశాల్లో ఒకటి. పుతిన్ ఎన్నిసార్లు బీజింగ్ వెళ్లినా ఈ ఒక్కటి మాత్రం మారలేదు.

ఇంకా వెనక్కి పోతే 1969 మార్చిలో ఉసూరి నదిలోని ఒక చిన్న దీవి కోసం ఇద్దరి సైన్యాలూ కాల్చుకున్నాయి. 4,000 కిలోమీటర్లు దాటిన ఆ సరిహద్దు మొత్తం తేలింది 2008లోనే. ఇప్పుడు ఆ ఉత్తరపు హద్దు నిశ్చింతగా ఉండడం చైనాకి ఎంత విలువైందో ఊహించుకోండి. దృష్టంతా తైవాన్ వైపు, దక్షిణ చైనా సముద్రం వైపు పెట్టుకోవచ్చు. మాస్కోలో బీజింగ్ అంటే పడని ప్రభుత్వం వస్తే ఆ నిశ్చింత పోతుంది.

ఖార్కివ్ బ్యాచ్ (రాత్రి 11:48)

అప్పుడు నేను ఖార్కివ్‌లో మెడిసిన్ నాలుగో సంవత్సరం. మన తెలుగు స్టూడెంట్స్ వందల్లో ఉండేవాళ్లం, అది అందరికీ తెలిసిందే. చైనా వాళ్లు ఉక్రెయిన్ మొత్తం మీద 6,000 మంది దాకా ఉండేవాళ్లు. మనవాళ్లని వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ కథలు మీరు చాలా విని ఉంటారు, నేను అవి చెప్పను.

దాడి మొదలైన ఫిబ్రవరి 24న చైనా ఎంబసీ తమ వాళ్లకి ఏం చెప్పిందో తెలుసా? బయటికి వెళ్తే కారు మీద చైనా జెండా పెట్టుకోండి అని. రెండు రోజులు గడిచాక అదే ఎంబసీ, మీరు చైనావాళ్లని తెలిసే గుర్తులేవీ చూపించకండి అంది. మధ్యలో జరిగింది మేం కళ్లారా చూశాం. రష్యాకి చైనా వంత పాడుతోందని అక్కడి జనానికి ఒళ్లు మండింది. చైనా స్టూడెంట్స్ నోరు విప్పడానికే భయపడేవాళ్లు.

నాకు అర్థమైంది ఒక్కటే. ఇంత పెద్ద దాడి వస్తుందని బీజింగ్‌కి ముందే పూర్తిగా తెలిసి ఉంటే ఆ వేలమందిని ముందే తీసుకెళ్లేది. జెండా సలహా ఇచ్చేది కాదు.

డాలస్ దాసు (రాత్రి 12:30)

@ఖార్కివ్ బ్యాచ్, మంచి పాయింట్. కానీ ఇంకోవైపు కూడా చూడాలి. ఒలింపిక్స్ ఫిబ్రవరి 20న ముగిశాయి. 21న పుతిన్ దొనెత్స్క్, లుహాన్స్క్‌లను గుర్తించాడు. 24న దాడి. ఆటలు అయ్యేదాకా ఆగమని చైనా వాళ్లే అడిగారని అమెరికా పత్రికల్లో కథనాలు వచ్చాయి, చైనా అబద్ధమని కొట్టిపారేసింది. నా అంచనా ఏంటంటే, ఏదో ఒకటి జరుగుతుందని తెలుసు, అది రెండు మూడు రోజుల్లో తూర్పు ప్రాంతంతో ముగిసిపోతుందని అనుకుని ఉంటారు. కీవ్ మీదికి వెళ్తారని అనుకోలేదు.

దాడికి ఐదు రోజుల ముందు, ఫిబ్రవరి 19న, మ్యూనిక్ భద్రతా సదస్సులో చైనా విదేశాంగ మంత్రి వాంగ్ యీ అన్ని దేశాల సార్వభౌమత్వాన్నీ గౌరవించాలి, ఉక్రెయిన్ కూడా అందుకు మినహాయింపు కాదు అన్నాడు. రానున్నది ఏమిటో తెలిసిన మనిషి ఆ మాట అలా అనడు.

భీమవరం బుల్లోడు (సోమవారం, ఉదయం 6:55)

అందరూ ఐక్యరాజ్యసమితి గురించి మాట్లాడుతున్నారు. మా చెరువుల దగ్గరికి రండి ఒకసారి.

రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టులో అమెరికా మన మీద ఇంకో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. దేశం ఎగుమతి చేసే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రదే, అందులో ఎక్కువ భాగం వెళ్లేది అమెరికాకే. కొనేవాళ్లు రేటు తెగ్గోశారు, మేత ధర మాత్రం అలాగే ఉంది. పంట వేయాలా వద్దా అని ఒకటే టెన్షన్. ఇక్కడ నా ప్రశ్న: రష్యా చమురు మనకన్నా ఎక్కువ కొనేది చైనా కదా? 2023లోనే 10 కోట్ల టన్నులు దాటింది, సౌదీని వెనక్కి నెట్టి రష్యా వాళ్లకి నంబర్ వన్ సరఫరాదారు అయింది. మరి ఆ చమురు జరిమానా చైనా మీద ఎందుకు పడలేదు? బ్యాలెన్స్ చేసేది వాళ్లు, దెబ్బ తినేది మేమా?

డాలస్ దాసు (ఉదయం 7:20)

ఎందుకంటే చైనా తిరిగి కొట్టగలదు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ చైనా మీద సుంకాన్ని 145 శాతం దాకా తీసుకెళ్లాడు. చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతికి లైసెన్సు పెట్టింది. కార్లకీ, ఫైటర్ జెట్లకీ ఆ ఖనిజాలతో చేసే అయస్కాంతాలు కావాలి, ఆ ఖనిజాల శుద్ధిలో దాదాపు 90 శాతం చైనా చేతిలోనే ఉంది. మే నెలలో జెనీవాలో కూర్చుని సుంకాన్ని 30కి దించారు. చమురు గురించి అడిగితే మళ్లీ ఆ లైసెన్సుల గొడవ మొదలవుతుంది.

మన చేతిలో అలాంటిది లేదు బుల్లోడు గారూ. రొయ్యలు ఈక్వెడార్ కూడా పంపగలదు.

భీమవరం బుల్లోడు (ఉదయం 7:31)

పొద్దున్నే మంచి మాట చెప్పారండి.

కరీంనగర్ కత్తి (ఉదయం 8:05)

ఇదంతా మన విదేశాంగ విధానం దివాలా తీయడం వల్లే. ఆ పార్టీ వాళ్లు (మిగతా 14 లైన్లు మోడరేటర్ తొలగించారు)

మోడరేటర్ (ఉదయం 8:20)

కత్తి గారూ, పార్టీల కోసం పక్కన వేరే గది ఉంది, తలుపు తెరిచే ఉంది. ఇక్కడ చైనా గురించే.

నీలిమేఘం (ఉదయం 10:10)

ఇక్కడ ఎవరూ బ్యాంకుల గురించి మాట్లాడలేదు. నేను షెన్‌జెన్ నుంచి విడిభాగాలు తెప్పించే ఒక కంపెనీలో పేమెంట్లు చూస్తాను. చైనా అసలు భయం ఎక్కడుందో చూడాలంటే వాళ్ల విదేశాంగ శాఖ ప్రకటనలు కాదు, వాళ్ల బ్యాంకుల ఫారాలు చూడాలి.

2022 మార్చిలోనే బీజింగ్‌లో ఉన్న ఆసియా మౌలిక వసతుల బ్యాంకు రష్యా, బెలారూస్ పనులన్నీ ఆపేసింది. షాంఘైలో ఉన్న బ్రిక్స్ బ్యాంకు కూడా రష్యాలో కొత్త లావాదేవీలు ఆపింది, రష్యా అందులో వ్యవస్థాపక సభ్యురాలు అయినా సరే. 2023 డిసెంబర్‌లో అమెరికా, రష్యా సైనిక పరిశ్రమకి డబ్బు దాటించే విదేశీ బ్యాంకుల్ని డాలర్ వ్యవస్థ నుంచే తీసేస్తామని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తర్వాత చైనా పెద్ద బ్యాంకులు రష్యా పేరున్న ప్రతి కాగితాన్నీ తిప్పి తిప్పి చూడడం మొదలుపెట్టాయి. యువాన్‌లో కట్టినా వారాల తరబడి ఆగేవి, వెనక్కి కూడా వచ్చేవి. చివరికి ఆ పని సరిహద్దులో ఉన్న చిన్న గ్రామీణ బ్యాంకుల మీద పడింది. వాటికి న్యూయార్క్‌లో డాలర్ వ్యాపారం ఏమీ లేదు, పోయేదీ లేదు కాబట్టి. 2025 జూలైలో యూరప్ తన 18వ ఆంక్షల ప్యాకేజీలో అలాంటి రెండు బ్యాంకుల పేర్లు పెట్టింది. ఒకటి హైహ అనే ఊళ్లోది. ఆముర్ నది దాటితే అవతల రష్యా నగరం బ్లాగవేషెన్స్క్. చైనా ఊరుకోలేదు, ఆగస్టులో లిథువేనియాకి చెందిన రెండు బ్యాంకుల మీద ఎదురు ఆంక్షలు పెట్టింది. జర్మనీ బ్యాంకు జోలికి పోలేదు చూడండి.

అదే ప్యాకేజీలో, రష్యా చమురు కంపెనీకి వాటా ఉన్న గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీ కూడా ఉంది. మనకి పడిన దెబ్బ అది.

కాబట్టి నా ఉద్దేశంలో చైనా బ్యాలెన్స్ చేస్తున్నది రష్యాకీ ఉక్రెయిన్‌కీ మధ్య కాదు. రష్యాకీ, తన సరుకు కొనే యూరప్, అమెరికాలకీ మధ్య. ఆ తక్కెడలో ఉక్రెయిన్ లేనే లేదు.

లెక్కల మాస్టారు (ఉదయం 11:15)

నీలిమేఘం గారి మాటకి అంకెలు జోడిస్తాను. రెండు దేశాల వ్యాపారం 2021లో దాదాపు 147 బిలియన్ డాలర్లు. 2022లో 190, 2023లో 240, 2024లో 245 దగ్గర ఆగింది. 2025లో తగ్గింది. పెరుగుదల పెద్దదే. కానీ చైనా మొత్తం సరుకుల వ్యాపారం 6 లక్షల కోట్ల డాలర్లు దాటుతుంది, అందులో రష్యా వాటా 4 శాతం. రష్యాకి మాత్రం మొత్తం విదేశీ వ్యాపారంలో మూడో వంతు చైనాతోనే. ఒకరికి 4, ఒకరికి 33. హద్దుల్లేని స్నేహంలో హద్దు ఎవరు గీస్తారో ఇక చెప్పక్కర్లేదు.

గ్యాస్ దగ్గర ఇది ఇంకా బాగా తెలుస్తుంది. యుద్ధానికి ముందు రష్యా యూరప్‌కి ఏడాదికి 150 బిలియన్ ఘనపు మీటర్ల దాకా అమ్మేది. చైనాకి వెళ్లే 'పవర్ ఆఫ్ సైబీరియా' పైపులైను సామర్థ్యం 38. అది కూడా యూరప్ గ్యాస్ కాదు, తూర్పు సైబీరియా బావులది. యూరప్‌కి గ్యాస్ పంపిన యమాల్ బావులు కొనేవాడు లేక ఖాళీగా ఉంటున్నాయి, వాటిని చైనాకి కలపడానికి మంగోలియా మీదుగా 50 బిలియన్ల రెండో పైపులైను కావాలి. పుతిన్ ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాడు. 2025 సెప్టెంబర్‌లో బీజింగ్‌లో పరేడ్‌కి వెళ్లినప్పుడు ఒప్పంద పత్రం కుదిరిందని గాజ్‌ప్రోమ్ ప్రకటించింది. ధర మాత్రం తర్వాత తేలుస్తామన్నారు. పంట కోసేశాక, వేరే కొనేవాడు లేడని తెలిసిన దళారి తొందరపడతాడా? చైనాదీ అదే పద్ధతి.

వరంగల్ వాసి (మధ్యాహ్నం 1:02)

మాస్టారూ, మీరంతా చైనా జాగ్రత్తని చూపిస్తున్నారు. నేను దాని ఫలితాన్ని చూపిస్తున్నాను. ఫలితం ఏంటి? యుద్ధం ఆగలేదు. 2025 జూలైలో వాంగ్ యీ యూరప్ విదేశాంగ ప్రతినిధి కాయా కల్లాస్‌తో, రష్యా ఓడిపోవడం తాము ఒప్పుకోలేమని, అలా జరిగితే అమెరికా దృష్టంతా చైనా మీదికి మళ్లుతుందని చెప్పినట్టు హాంకాంగ్ పత్రిక రాసింది. బ్యాలెన్స్ అంటే ఇదా? ఒక పక్షం ఓడిపోకూడదని ముందే నిర్ణయించుకున్నాక ఇక తటస్థత ఎక్కడిది?

నీలిమేఘం (మధ్యాహ్నం 1:30)

తటస్థం అని నేను అనలేదండి. రష్యా ఓడిపోకూడదు, అలాగని తనకి ఖర్చు కాకూడదు. ఆ రెండింటి మధ్య నడుస్తోంది అన్నాను.

ఇంకో సంగతి, చైనా డ్రోన్ విడిభాగాలు రష్యాకే కాదు, ఉక్రెయిన్‌కీ వెళ్తున్నాయి. ఉక్రెయిన్ లక్షల్లో తయారుచేసే చిన్న డ్రోన్లలో మోటార్లు, బ్యాటరీలు, కెమెరాలు చాలావరకు చైనావే. చైనా డ్రోన్ల కంపెనీ డీజేఐ 2022 ఏప్రిల్‌లోనే రెండు దేశాల్లోనూ వ్యాపారం ఆపేశామంది. 2023 సెప్టెంబర్ నుంచి ప్రభుత్వం ఎగుమతి ఆంక్షలు పెట్టింది. అయినా రెండు వైపులా ఎగురుతున్నాయి. ఎవరికి తేలిగ్గా దొరుకుతున్నాయి అంటే మాత్రం, ఒప్పుకుంటాను, రష్యాకే.

కృష్ణలంక కుర్రాడు (మధ్యాహ్నం 2:15)

మరి శాంతి ప్రణాళికల సంగతేంటి? 12 సూత్రాలు అన్నారు, రాయబారిని పంపారు. అదంతా నాటకమేనా?

పాత పేపర్ల పిచ్చోడు (మధ్యాహ్నం 3:40)

పూర్తిగా నాటకం కాదు, పూర్తిగా నిజమూ కాదు. వరుస చూడండి. 2023 ఫిబ్రవరి 24న 12 అంశాల పత్రం వచ్చింది. మొదటి అంశం అన్ని దేశాల సార్వభౌమత్వాన్ని గౌరవించాలి అని. రష్యా సైన్యం వెనక్కి వెళ్లాలని ఎక్కడా లేదు. మార్చి 17న అంతర్జాతీయ నేర న్యాయస్థానం పుతిన్‌పై వారెంటు ఇచ్చింది, మూడు రోజులకే జిన్‌పింగ్ మాస్కోలో దిగాడు. జెలెన్‌స్కీకి ఫోన్ చేసింది ఏప్రిల్ 26న, అంటే యుద్ధం మొదలైన 14 నెలలకి. దానికి కొద్దిరోజుల ముందే పారిస్‌లోని చైనా రాయబారి, పాత సోవియట్ దేశాలకు అంతర్జాతీయ చట్టంలో గట్టి హోదా లేదన్నట్టు టీవీలో మాట్లాడి బాల్టిక్ దేశాల్లో నిప్పు రాజేశాడు. అది ఆయన సొంత అభిప్రాయమని బీజింగ్ సర్దుకుంది. ఆ మంట ఆర్పడానికే ఫోన్ తొందరగా వచ్చిందని నా అనుమానం. మే నెలలో లీ హుయ్ అనే దౌత్యవేత్తని కీవ్, వార్సా, పారిస్, బెర్లిన్, మాస్కో తిప్పారు. ఆయన అంతకుముందు పదేళ్లు మాస్కోలో రాయబారి. 2023 ఆగస్టులో జెద్దా చర్చలకి చైనా వెళ్లింది. 2024 జూన్‌లో స్విట్జర్లాండ్ సదస్సుకి, రష్యాని పిలవలేదని చెప్పి, వెళ్లలేదు. వేరే దేశాల్ని కూడా వెళ్లకుండా చేస్తోందని జెలెన్‌స్కీ సింగపూర్‌లో బహిరంగంగానే మండిపడ్డాడు.

ఒక్క చోట మాత్రం చైనా గట్టిగానే మాట్లాడింది. 2022 నవంబర్‌లో జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ బీజింగ్ వెళ్లినప్పుడు అణ్వాయుధాల్ని వాడడం గానీ, వాడతామని బెదిరించడం గానీ తాము వ్యతిరేకిస్తామని జిన్‌పింగ్ చెప్పాడు. పుతిన్ అణు బెదిరింపులు జోరుగా ఉన్న రోజులవి. అంతకు రెండు నెలల ముందు సమర్కండ్‌లో చైనాకి ప్రశ్నలు, ఆందోళనలు ఉన్నాయని పుతిన్ తనే అందరిముందూ ఒప్పుకున్నాడు. మన మోదీ ఇది యుద్ధాల యుగం కాదన్నది కూడా అక్కడే.

మనల్ని మనం కూడా చూసుకోవాలి లెండి. 1980 జనవరిలో సోవియట్ సైన్యం అఫ్ఘానిస్తాన్ నుంచి వెళ్లాలని సర్వసభలో 104 దేశాలు ఓటేస్తే, తప్పుకున్న 18 దేశాల్లో మనం ఉన్నాం. చైనా అప్పుడు ఖండించిన 104లో ఉంది.

ఖార్కివ్ బ్యాచ్ (సాయంత్రం 5:05)

ఉక్రెయిన్ వాళ్లు కూడా చైనాతో ఆచితూచే వ్యవహరించారు, అది మర్చిపోకండి. యుద్ధానికి ముందు వాళ్లకి అతిపెద్ద వ్యాపార భాగస్వామి చైనా. మొక్కజొన్న పెద్ద మొత్తంలో అటు వెళ్లేది. చైనా మొదటి విమాన వాహక నౌక లియావ్‌నింగ్, ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో సగం కట్టి వదిలేసిన సోవియట్ ఓడే. మొదటి మూడేళ్లు జెలెన్‌స్కీ చైనాని నేరుగా తిట్టిన సందర్భాలు తక్కువ. 2025 ఏప్రిల్‌లో రష్యా తరఫున పోరాడుతున్న ఇద్దరు చైనా పౌరుల్ని పట్టుకున్నాకే గొంతు పెరిగింది.

వరంగల్ వాసి (సాయంత్రం 6:18)

ఇన్ని వివరాలు చదివాక కూడా నా మాట నాదే. గుర్తింపు ఇవ్వలేదు, ఆయుధం ఇవ్వలేదు, ధర దగ్గర బేరమాడుతోంది, అన్నీ ఒప్పుకున్నా. కానీ చైనా రేపు పొద్దున మెషిన్ టూల్స్ ఆపితే రష్యా ఫ్యాక్టరీలు ఎన్నాళ్లు నడుస్తాయి? ఆపగలిగి ఆపనివాడిని బ్యాలెన్స్ చేస్తున్నాడనను.

లెక్కల మాస్టారు (సాయంత్రం 7:00)

ఆపగలడు, ఆపడు. అందులో మనిద్దరికీ తేడా లేదండి. ఏం ఇస్తే ఆపుతాడు అన్నదే ప్రశ్న. యూరప్ దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, సుంకాల బెదిరింపు తప్ప. అమెరికా దగ్గర తైవాన్‌కి ఇచ్చే అండ ఉంది, అది వదులుకునేది కాదు. అందుకే అందరూ బీజింగ్ వెళ్లి మీరు పుతిన్‌కి చెప్పండి అంటారు, బీజింగ్ టీ ఇచ్చి పంపిస్తుంది.

@కృష్ణలంక కుర్రాడు, ఇకపై టీవీ చర్చలు మానేసి రెండు విషయాలు చూడండి: ఆ రెండో పైపులైనుకి ధర ఎంత తేలింది, యూరప్ ఈసారి ఏ సైజు చైనా బ్యాంకు పేరు రాసింది.

నీలిమేఘం (సాయంత్రం 7:22)

మూడోది నేను కలుపుతాను మాస్టారూ. చైనా నాలుగు పెద్ద బ్యాంకుల్లో ఏ ఒక్కదాని పేరు రాసినా, మా ఆఫీసులో ఆ రోజు ఎవరూ ఇంటికి వెళ్లరు.